పూర్ణిమ అపహరణపై మా సెక్టారు వారి అభిప్రాయాలు

సీరియల్‌ని మధ్యలో ఆపేసిన టీవీ ఛానల్ వాళ్ళని పిలిచి, శాలువా కప్పి, సన్మానం చేయాలని నేను ప్రతిపాదిస్తున్నాను.

నవ్వకండి. నేను నవ్వించడానికి రాసే మనిషిని కాను. భిలాయి ఉక్కు కర్మాగారం స్టోర్స్‌లో నట్లూ బోల్టులూ లెక్కపెట్టి రిటైరైన జగ్గయ్యని. నట్లు లెక్కపెట్టిన వాడికి హాస్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఉన్నమాట చెబుతున్నాను, వినండి.

ఈమధ్య ఒక తెలుగు ఛానల్లో రాత్రి తొమ్మిదికి 'పూర్ణిమ ఎక్కడ?' అని ఒక థ్రిల్లర్ మొదలైంది. పూర్ణిమ అనే అమ్మాయి సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వస్తూంటే, ఎవరో వ్యానులో ఎత్తుకుపోయి, నోటికి టేపు వేసి, గోడౌన్లో కూర్చోబెడతారు. ఎవరు? ఎందుకు? అని మూడు వారాలు నడిపారు. రేటింగ్ రాలేదో, స్పాన్సర్ రాలేదో తెలియదు గానీ, నాలుగో సోమవారం తొమ్మిదింటికి టీవీ పెడితే వంటల పోటీ వస్తోంది. పూర్ణిమ ఇంకా గోడౌన్లోనే ఉంది. మాకేమో గుత్తి వంకాయ చూపిస్తున్నారు!

లోకం దీన్ని మోసం అంటుంది. నేను మేలు అంటాను.

ఆలోచించండి. కథ పూర్తయితే ఏమయ్యేది? దొంగ దొరికేవాడు. పూర్ణిమ వాళ్ళమ్మని పట్టుకుని ఏడ్చేది. మనం టీవీ కట్టేసి పడుకునేవాళ్ళం. మర్నాటికి ఎవరికీ ఏ అభిప్రాయమూ ఉండేది కాదు. దొంగ దొరికిన కథలో అభిప్రాయానికి చోటెక్కడ? అదే మధ్యలో ఆపేస్తే చూడండి, ప్రతివాడూ డిటెక్టివే, ప్రతివాడూ జడ్జీయే. ఎవరూ తప్పని రుజువు చేయలేని అభిప్రాయం కన్నా మనిషికి కావలసిన ఆస్తి ఏముంది?

ఈ ఆస్తి విషయంలో మా ఊరు మిగతా ఊళ్ళ కన్నా ఒక మెట్టు పైనే ఉంది. కారణం, షిఫ్టులు.

ప్లాంటు క్వార్టర్లుండే మా సెక్టార్లో మగవాడన్న ప్రతివాడికీ వారానికో షిఫ్టు. ఫస్ట్ షిఫ్ట్ వారం రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉంటాడు కాబట్టి సీరియల్ మొత్తం చూస్తాడు. సెకండ్ షిఫ్ట్ వారం ప్లాంటులో ఉంటాడు, అసలు చూడడు. నైట్ షిఫ్ట్ వారం బూట్లకి తాళ్ళు కట్టుకుంటూ 'ఇంతవరకు జరిగిన కథ' ఒక్కటి చూసి, సైకిలెక్కి వెళ్ళిపోతాడు. అంటే మూడు వారాల కథలో ఒక్కొక్కడికీ ఒక్కొక్క వారం దక్కింది. మిగతా రెండు వారాలూ వాళ్ళే ఊహించుకున్నారు.

ఇలాంటి సమన్యాయం ఏ దేశంలో ఉంది? ఒక్కరికే కథంతా తెలిస్తే నియంతృత్వం. తలా ఒక ముక్క తెలిస్తే ప్రజాస్వామ్యం!

మా ప్రజాస్వామ్యానికి అసెంబ్లీ పరబ్రహ్మంగారి వరండా. ఆయన రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరై ఏళ్ళయింది గానీ, ఒంట్లో షిఫ్టు మాత్రం ఇంకా మారుతూనే ఉంటుంది. నైట్ షిఫ్ట్ వారం వస్తే పగలంతా తలుపులు వేసుకుని పడుకుంటారు. రాత్రి తొమ్మిదింటికి భార్య దుర్గాదేవిగారు టిఫిన్ డబ్బా కట్టి ఇస్తారు. ఆయన దాన్ని పట్టుకుని వరండా దాకా వచ్చి, కుర్చీలో కూర్చుని తింటారు. ఎవరైనా నవ్వితే, "షిఫ్టు నేకపోతే మనిసికి క్రమసిచ్చన ఏటుంతాది?" అంటారు.

ఆయనకు దక్కింది మొదటి వారం. అంటే పూర్ణిమని ఎత్తుకుపోయిన వారం.

"సాయంకాలం పూట ఆడపిల్లకి ఉజ్జోగం ఏటి?" అన్నారాయన. "ఎల్లబట్టే కదా ఎత్తుకుపోనారు. ఇంట్లో కూకుంటే వ్యాను ఇంట్లోకి ఒచ్చీస్తాదేటి?"

బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసే బలరాంకి రెండో వారం దక్కింది. ఆ వారంలో పూర్ణిమ మేనమామ వస్తాడు.

"వ్యానోడు కాదండీ, మేనమావే," అన్నాడు బలరాం. "టీ తాగతా అలగ పక్కకి సూసినోడు మంచోడు అవ్వడు. సుట్టాల్ని నమ్మకూడదు, గురువుగారూ."

మూడో వారం మనోజ్‌కుమార్‌ది. ఇక్కడే, భిలాయి రిసాలిలో పుట్టి పెరిగిన కుర్రాడు, తెలుగు మొదలుపెడితే హిందీలో తేలతాడు. "అరే అంకుల్, మీరు బహుత్ సీదా మనుషులు. ఫోన్ లొకేషన్ ఎవరు ఆఫ్ చేసారు? లడ్కీనే చేసుకుంది. సబ్ ఉసీ కా ప్లాన్. ఫోన్ ఉంటే ఆడపిల్ల ఏటైనా చేస్తాది."

ముగ్గురూ ఒకరి మాట ఒకరు కాదనలేదు. ఎలా కాదంటారు? అవతలివాడి వారం వీడు చూస్తే కదా!

మీకు ఒక అనుమానం రావచ్చు. సీరియల్ మొత్తం చూసినవాళ్ళు ఎవరూ లేరా? ఉన్నారు. ఆడవాళ్ళు. వంటింటికి షిఫ్టు మారదు కాబట్టి పప్పు పోపు వేస్తూ, రొట్టెలు కాలుస్తూ, మూడు వారాలూ వాళ్ళే చూశారు. అంతా తెలిసినవాళ్ళని అభిప్రాయం అడగడం పద్ధతి కాదు కనక, ఎవరూ అడగలేదు.

నేనూ మొత్తం చూశాను. కానీ నేను జనరల్ షిఫ్ట్ మనిషిని. తొమ్మిదికి వెళ్ళి అయిదున్నరకి ఇంటికొచ్చేవాణ్ణి మా ఊళ్ళో కార్మికుడిగా లెక్కెయ్యరు. నాకు కుర్చీ ఇస్తారు, టీ ఇస్తారు, మాట్లాడే వంతు ఇవ్వరు.

అయినా మా ఆవిడ జ్ఞానప్రసూన ఒకరోజు దుర్గాదేవిగారికి కరివేపాకు ఇవ్వడానికి వచ్చి, వరండాలో ఆగింది. "నాకు తెలీక అడుగుతాను. ఆ పిల్ల నోటికున్న టేపు ఊడదీస్తే అదే సెప్తాది కదా, ఎవుడు ఎత్తుకెల్లాడో."

వరండా అంతా నవ్వింది. "అలగైతే ఇంక సీరియలేటుంతాది, అక్కా?" అన్నాడు బలరాం.

నిజమే కదా. ఆ అమ్మాయి చేత మాట్లాడించాలనే ఆలోచన రచయితకే రాలేదు. మనకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకి ఎందుకు?

అభిప్రాయాలు టీవీ దగ్గర ఆగిపోతే వాటి వల్ల సమాజానికి లాభం లేదు. అవి ఆచరణలోకి రావాలి. మా సెక్టారు ఆ పనీ చేసి చూపించింది.

మా పక్క క్వార్టర్లో సూర్యప్రకాష్ ఉంటాడు. ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. వాళ్ళ నాన్న పలాస నుంచి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. సూర్యప్రకాష్‌కి ఒక్కతే కూతురు, కృష్ణప్రియ. నన్ను పెదనాన్నా అని పిలుస్తుంది. పరీక్ష మీద పరీక్ష రాసి, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా సెలెక్టయింది. అంటే ఇంజన్లో కూర్చుని రైలు నడిపే ఉద్యోగం. తాత పట్టాలు మోసిన చోట మనవరాలు ఇంజన్ నడపడం!

ఆ కబురు వచ్చిన రోజు సూర్యప్రకాష్ లడ్డూలు పంచుతూ సెక్టారంతా తిరిగాడు. సుపేలా బజార్లో కూరగాయల వాడికి కూడా, "భయ్యా, మేరీ బేటీ ఇంజన్ చలాయేగీ" అని చెప్పి, కొత్తిమీర ఊరికే తెచ్చుకున్నాడు. ట్రైనింగ్‌కి విశాఖపట్నంలో చేరాలి. అక్కడ పిల్ల మేనమామ ఉన్నాడు. కొన్నాళ్ళు వాళ్ళింట్లో ఉంటుంది. అంతా కుదిరింది.

అప్పుడు 'పూర్ణిమ ఎక్కడ?' మొదలైంది.

మొదటి వారం అయ్యేసరికి పరబ్రహ్మంగారు సూర్యప్రకాష్‌ని వరండాలోకి పిలిచి కూర్చోబెట్టారు. "రైలంటే రాత్రనక పగలనక డ్యూటీ. సీరియల్ సూడ్డం లేదేటి నువ్వు? పిల్లని బయటికి ఒగ్గీకు." సూర్యప్రకాష్ ఉద్యోగం సంగతి తర్వాత ఆలోచిద్దామని పిల్ల ప్రయాణం ఆపేశాడు.

రెండో వారం బలరాం వచ్చి, విశాఖపట్నంలో మేనమామ ఏం చేస్తాడు, టీ తాగేటప్పుడు ఎటు చూస్తాడు, అని అడిగాడు. సూర్యప్రకాష్ భార్య లక్ష్మీకుమారి తన తమ్ముడికి ఫోన్ చేయడం మానేసింది. మానేసింది కాదు, మాన్పించారు.

మూడో వారం మనోజ్ చెప్పిన మాట మీద పిల్ల ఫోను తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఒక రోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ కనిపిస్తే, "ఎప్పుడమ్మా ప్రయాణం?" అని అడిగాను. "తెలీదు, పెదనాన్నా," అంది. అన్నాక బట్ట వెనక మొహం దాచుకుంది. నాకు గుండె చివుక్కుమంది. దాన్ని కూడా ప్రేక్షకుడి అభిప్రాయం కింద జమకట్టుకోండి.

సూర్యప్రకాష్‌నే నిలదీశాను. "నువ్వు ఆడించే క్రేను కింద కరిగిన ఇనుం ఊగుతాది, దానికి నేని భయం నీకు టీవీ సూస్తే వచ్చిందేట్రా?" అన్నాను.

"ఆ క్రేను లివర్ నా సేతిలో ఉంటాది, అన్నియ్యా," అన్నాడు. "పిల్ల గడప దాటితే నా సేతిలో ఏటుంటాది? పది మందీ అలగ సెప్తా ఉంటే భయమేస్తంది."

వాడు చెడ్డవాడు కాడు. అది రాసి పెట్టుకోండి. భయపడ్డవాడు, అంతే.

ఇక్కడ ఒక చిన్న పోలిక చెప్పి ముందుకు వెళతాను. ఆ సీరియల్లో కిడ్నాపర్ ఏం చేశాడు? మొదట అమ్మాయిని డ్యూటీకి వెళ్ళకుండా చేశాడు. తర్వాత చుట్టాలతో సంబంధం తెంపాడు. ఆ తర్వాత ఫోను లాక్కున్నాడు. మా వాళ్ళూ అదే వరసలో చేశారు. వ్యాను వాడలేదు, ఖర్చు తగ్గింది. టేపు కూడా వాడలేదు. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి అవసరం రాలేదు.

సీరియల్ ఆగిపోయాక వరండాలో ఆందోళన మొదలైంది. పూర్ణిమ ఏమైపోయినట్టు? ఎవరు విడిపిస్తారు? పరబ్రహ్మంగారు రెండు రోజులు అన్నం సయించక ఉప్మా తిన్నారు. బలరాం ఛానల్ వాళ్ళని తిట్టిన తిట్లు ఇక్కడ అచ్చు వేయడానికి వీల్లేదు. ఒకమ్మాయి గోడౌన్లో బందీగా ఉంటే వంకాయలు వండుకుంటారా, వీళ్ళకి ఆడపిల్లలు లేరా, అని అందరూ బాధపడ్డారు. ఆ బాధ నిజమైనదే. పక్క క్వార్టర్ కిటికీలోంచి కృష్ణప్రియ ఆ బాధని రోజూ చూస్తూ ఉండేది.

ఇంతలో టీవీ కింద అక్షరాలు పరిగెత్తాయి. 'పూర్ణిమ ఎక్కడ?' సీరియల్‌పై మీ అభిప్రాయం వీడియో తీసి పంపండి, ఎంపికైనవి ప్రసారం చేస్తాం, అని.

ఇంకేం కావాలి! శనివారం పొద్దున్నే వరండాలో షూటింగ్ పెట్టారు. ఫోను మనోజ్‌ది. మబ్బుగా ఉందని లైటు పట్టుకునే పని సూర్యప్రకాష్‌కి ఇచ్చారు. పరబ్రహ్మంగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉద్యోగాల గురించి, బలరాం మేనమామల గురించి, మనోజ్ ఫోన్ల గురించి మాట్లాడారు. చివర్లో, పూర్ణిమని విడిచిపెట్టమని ఒక ఆడపిల్ల చేత వేడుకోలు చెప్పిస్తే ఛానల్ వాళ్ళు తప్పకుండా వేస్తారని మనోజ్ సలహా ఇచ్చాడు.

మా సెక్టారు పిల్లల్లో శుభ్రంగా తెలుగు మాట్లాడేది ఎవరు? నాయనమ్మ దగ్గర పెరిగిన కృష్ణప్రియే. పిలిపించారు. వచ్చి కుర్చీలో కూర్చుంది.

"పూర్ణిమని ఒగ్గీమని అడుగమ్మా," అన్నారు పరబ్రహ్మంగారు. "కాస్త కన్నీళ్ళు పెట్టుకుంటే ఇంకా బాగుంతాది."

ఆ పిల్ల కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఫోను వైపు చూసి, మెల్లిగా మాట్లాడింది.

"ఛానల్ వారికి నమస్కారం. పూర్ణిమ ఎక్కడుందని మా సెక్టార్లో అందరూ అడుగుతున్నారు. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదండీ. డ్యూటీకి వెళ్దామనుకుంది, అంతే. దానికోసం చాలా చదివింది. ఈ సోమవారం పొద్దున్న డ్యూటీలో చేరాలి. చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ఎత్తుకెళ్ళినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. భయంతో చేశారు, నాకు తెలుసు. దయచేసి విడిచిపెట్టండి. విడిచిపెడితే ఎవరి మీదా కోపం పెట్టుకోదు."

మనోజ్ ఫోను దించాడు.

"పూర్ణిమకి సోమారం డ్యూటీ అని ఎక్కడ సూపించారు?" అన్నాడు బలరాం. "నా వారంలో అయితే నేదు."

"నా వారంలోనూ నేదు," అన్నారు పరబ్రహ్మంగారు. "మనోజ్ వారంలో సూపించుంటారు."

"నా వారం కాదు అంకుల్," అన్నాడు మనోజ్. "మీ ఇద్దరిదే ఎవరిదో. ఎనీవే, బహుత్ అచ్ఛా బోలీ."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే. రెండు చేతులా లైటు పట్టుకుని ఉన్నాడు కాబట్టి కుదరలేదు అనుకోవచ్చు. కానీ షూటింగ్ అయిపోయాక కూడా సూర్యప్రకాష్ ఆ లైటు దించలేదు. కుర్చీలోంచి కూతురు లేచి వెళ్ళిపోయాక, ఖాళీ కుర్చీ మీద అలాగే వెలుగు పట్టుకుని నిలబడ్డాడు. మా ఆవిడ వెళ్ళి, లైటు తీసుకుని, స్విచ్ ఆపింది.

ఆ మధ్యాహ్నం వాడు మా ఇంటికి వచ్చాడు. సెకండ్ షిఫ్టు డ్యూటీ ఉన్న రోజు. సర్వీసులో ఎన్నడూ నాగా పెట్టని మనిషి.

"అన్నియ్యా, నీ స్కూటర్ తాళం ఇయ్యి. దుర్గ్ టేసన్‌కి ఎల్లాల."

వెనకాల కృష్ణప్రియ సూట్‌కేస్‌తో నిలబడి ఉంది. చేతిలో ఫోను ఉంది. నేను తాళం వెతుక్కునే లోపల జ్ఞానప్రసూన పులిహోర డబ్బా తెచ్చి పిల్ల సంచిలో పెట్టింది. పులిహోర అప్పటికప్పుడు తయారవదు. ఎప్పుడు కలిపిందో నేను అడగలేదు.

"మీ మావకి ఫోన్ సెయ్యి," అన్నాడు సూర్యప్రకాష్ స్కూటర్ మీద కూర్చుంటూ. "పొద్దున్నే టేసన్‌కి రమ్మను. టీ తాగతా ఎటు సూసుకుంటాడో ఆడిష్టం."

మూడు వారాల తరవాత ఆ పిల్ల నవ్వడం అప్పుడే చూశాను. స్కూటర్ నెహ్రూ నగర్ వైపు మలుపు తిరిగేదాకా ముగ్గురం వీధిలోనే నిలబడ్డాం, మా ఆవిడా, లక్ష్మీకుమారీ, నేనూ. లక్ష్మీకుమారి కొంగుతో కళ్ళు తుడుచుకుని, అప్పటికప్పుడు తమ్ముడికి ఫోన్ కలిపింది.

మర్నాడు వరండాలో పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. కాలేదు. "పిల్లేదిరా?" అని పరబ్రహ్మంగారు అడిగితే, "నేనే తీసుకెళ్ళి రైలెక్కించాను," అని సూర్యప్రకాష్ చెప్పేశాడు. ఇంక ఎవరికీ ఏమీ తోచలేదు. తీసుకెళ్ళింది ఎవరో తెలిసిపోయిన కథలో అభిప్రాయానికి చోటుండదని నేను మొదట్లోనే మనవి చేశాను కదా.

ఆ పై ఆదివారం ఛానల్లో ప్రేక్షకుల అభిప్రాయాలు వేశారు. వరండాలో జాగా సరిపోక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. సూర్యప్రకాష్ అందరికన్నా ముందు వచ్చి టీవీ ఎదురుగా కూర్చున్నాడు. పరబ్రహ్మంగారి మాటలు మొత్తం వేశారు. బలరాంవీ వేశారు. మనోజ్ హిందీకి కింద తెలుగు అక్షరాలు కూడా వేశారు.

తర్వాత కృష్ణప్రియ కనిపించింది. చున్నీ సర్దుకుంది. చేతులు జోడించి, "ఛానల్ వారికి నమస్కారం" అంది.

వెంటనే అంట్లు తోమే సబ్బు ప్రకటన వచ్చింది. అది అయ్యాక యాంకరమ్మ, మీ అమూల్యమైన అభిప్రాయాలకు ధన్యవాదాలు అని చెప్పి వెళ్ళిపోయింది.

"పిల్ల బాగా సెప్పింది," అన్నారు పరబ్రహ్మంగారు తృప్తిగా. అందరూ అవునన్నారు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏటి సెప్పింది?" అని అడిగింది. "ఒకలైనా సెప్పండి, సూద్దాం."

పరబ్రహ్మంగారు బలరాం వైపు చూశారు. బలరాం మనోజ్ వైపు చూశాడు. మనోజ్ ఫోన్లో వీడియో వెతికాడు గానీ, జాగా చాలక దాన్ని ఎప్పుడో తీసేశాడట. సూర్యప్రకాష్ ఒక్కడే తల దించుకుని, పెదాలు కదుపుతూ, ఆ మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా లోపల్లోపల చెప్పుకుంటున్నాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు.

"ఆ భాగం నైట్ షిఫ్ట్ వాళ్ళు సూసుంటారమ్మా," అన్నారు పరబ్రహ్మంగారు.